ఆదివారం నిప్పు

ఆదివారం పూట జనగామలో ఎవరైనా సోమనర్సయ్య కోసం ఇంటికి పోయారంటే వాళ్లు ఊరికి కొత్త అని అర్థం. తెలిసినవాళ్లు సరాసరి బచ్చన్నపేట రోడ్డు మీది బోల్టుల ఫ్యాక్టరీకే పోతారు. ఫ్యాక్టరీకి సెలవు. లోపల ఆయనొక్కడే బట్టీ ముందు గోనెసంచి పరుచుకుని కూర్చుని ఉంటాడు. పొద్దున రెండు గంపలు, సాయంత్రం రెండు గంపలు బొగ్గు వేసి, పైన బూడిద కప్పి గానీ కదలడు. పనిలేని రోజు నిప్పుకు మేతెందుకయ్యా అంటే వినడు. మనిషి బంగారమే గానీ, ఈ ఒక్క సంగతిలో ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

దీని వెనక కథ లేకపోలేదు. పాతికేళ్ల కిందట జగపతి పటేల్ నాలుగెకరాలమ్మి ఈ ఫ్యాక్టరీ పెట్టినప్పుడు, ఇనుప కడ్డీలను ఎర్రగా కాల్చే బట్టీకి మొదటి పనివాడు సోమనర్సయ్యే. ప్రారంభం రోజు పంతులు కర్పూరం వెలిగించబోతుంటే, సోమనర్సయ్య భార్య ఓదెమ్మ జర ఆగమంది. చేతికి తడిగుడ్డ చుట్టుకుని, కుండపెంకులో నిప్పులు పెట్టుకుని, దారిపొడుగునా ఊదుకుంటూ ఇంటి నుంచి నడిచొచ్చింది. "మనింటి పొయ్యిల నిప్పు పడితే బర్కతి ఉంటది" అని బట్టీలో పోసింది. పంతులు మొహం ముడుచుకున్నాడు. అయితేనేం, బర్కతి ఉండనే ఉంది, ఫ్యాక్టరీ కలిసొచ్చింది.

ఆనాటి నుంచి ఆ నిప్పు ఆరలేదని సోమనర్సయ్య చెప్పుకుంటాడు. కరోనాలో ఆరలేదు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరిగినప్పుడూ ఆరలేదు. భూపాలపల్లి నుంచి బొగ్గు లారీ రాలేదు, రోడ్డు మీద బస్సు తిరగలేదు, ఫ్యాక్టరీ మూతపడింది. పైగా ఆయన టైఫాయిడ్‌తో ఇరవై రోజులు వరంగల్ దవాఖానలో పడి ఉన్నాడు. అప్పుడు ఓదెమ్మే అక్కడి నుంచి రెండురోజులకోసారి జనగామ వచ్చి తుమ్మమొద్దులు వేసిపోయి నిప్పును కాపాడింది. కొత్తగా చేరిన ప్రతివాడికీ ఈ ముచ్చట చెప్పందే ఆయన పని నేర్పడు. వినీ వినీ అందరికీ కంఠతా వచ్చేసింది.

ఓదెమ్మ పోయి ఆరేళ్లు. ఇంట్లో ఆ పొయ్యి కూడా లేదు. గ్యాసు వచ్చింది కదా అని స్లాబు వేసేటప్పుడు తనే గడ్డపారతో తవ్విపారేశాడు. అందుకు ఇప్పటికీ తనను తాను తిట్టుకుంటాడు. ఆమె చేతిది అని చెప్పుకోవడానికి బట్టీలో ఆ నిప్పొక్కటే మిగిలింది. ఆదివారాలు దాని ముందు కూర్చుని ఊళ్లో ముచ్చట్లన్నీ చెబుతాడు. పెద్దవంగరలో ఉండే బిడ్డ అమూల్య దగ్గరికి బోనాలకు పోయినా, తిన్న చేయి ఆరకముందే చెప్పులేసుకునేవాడు. నాకంటే ఆ బొగ్గులే ఎక్కువయ్యాయా అని బిడ్డ అలిగేది. ఎక్కువేమీ కాదు. బిడ్డకు మొగుడున్నాడు, పిల్లలున్నారు. ఆ నిప్పుకు ఎవరున్నారు?

ఇట్లా సాగుతుండగా, యూరప్ దేశాలతో వ్యాపార ఒప్పందం కుదిరిందని టీవీలో వచ్చింది. ఇక్కడ తయారయ్యే చక్రాల బోల్టులు హైదరాబాదు కంపెనీ చేతిమీదుగా అక్కడి ట్రాలీలకే పోతాయి. ఇక సుంకాలు తగ్గుతాయని జగపతి పద్దెనిమిది మంది పనివాళ్లకూ లడ్డూలు పంచాడు. ఆయన కొడుకు రాజేశ్ మాత్రం లడ్డూ ముట్టలేదు. ఒప్పందం ఒప్పందమే గానీ కార్బన్ నిబంధన ఎక్కడికీ పోలేదన్నాడు. బోల్టుకు ఎంత బొగ్గు కాలిందో చూపించాలి. చూపించకపోతే వాళ్లే పెద్ద అంకె వేసుకుని దాని మీద వసూలు చేస్తారు. చూపించినా, హద్దు దాటితే హైదరాబాదు కంపెనీ బోల్టులు వేరేచోట కొనుక్కుంటుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, అట్లా అయింది.

చెల్పూర్ కరెంటు ప్లాంటులో పనిచేసే కొడుకు నగేశ్‌కు సోమనర్సయ్య ఫోన్లో ఈ సంగతి చెబితే పకపకా నవ్వాడు. "ఈడ మాకు పూటకు గుట్టంత బొగ్గు కావాలె బాపూ. నీ నాలుగు గంపలు లెక్కవెడుతున్నరా ఆళ్లు?" అన్నాడు. సోమనర్సయ్యకు నవ్వు రాలేదు. నాలుగు గంపలనగానే తన ఆదివారం గంపలే గుర్తొచ్చాయి.

లెక్క తీయడానికి హైదరాబాదు కంపెనీ అలేఖ్య అనే అమ్మాయిని పంపింది. నెమ్మదస్తురాలు. రెండురోజులు బొగ్గు తూకాలూ బోల్టుల సంఖ్యా సరిచూసుకుని మూడోరోజు తల పట్టుకుంది. చేసిన పనికి అవసరమైన దానికంటే ఎక్కువ బొగ్గు కాలుతోంది. అదంతా ఎటు పోతోందని అడిగింది. జగపతి నేల చూశాడు. పనివాళ్లందరికీ తెలుసు. పెద్దాయన కోసం మూగనోము పట్టారు. చివరికి రాజేశ్, కొంత బొగ్గు వానకు తడిసి పాడైందని రాసుకోమన్నాడు.

ఆ మాట సోమనర్సయ్యకు గిట్టలేదు. తన చేతిలో ఉన్న బొగ్గు తడవడమా!

"తడువలేదు బిడ్డా. నేనే ఏస్తున్న. ఆదివారాలు, పండుగలు. నిప్పు ఆరొద్దని."

ఆయన మొహం చూసి అలేఖ్య ఎందుకని అడగలేదు. మళ్లీ లెక్క వేసుకుని, శనివారం సాయంత్రం ఆర్పేసి సోమవారం వెలిగించుకుంటే చాలు, హద్దులోకి వచ్చేస్తాం, కొత్త మిషన్లేవీ అక్కర్లేదంది. అందరి మొహాలూ వెలిగాయి. వెంటనే ఆయన వైపు చూసి మళ్లీ వాడిపోయాయి. జగపతి ఆయన్ను పక్కకు పిలిచి, "నీ ఇష్టం సోమన్నా. ఆర్పమని నేనైతే నోటితోని చెప్ప" అన్నాడు. అంతకంటే తిట్టినా బాగుండేది.

శనివారం పని ముగిసి అందరూ వెళ్లిపోయారు. సోమనర్సయ్య పొడుగు పార పట్టుకుని బట్టీ ముందు కూర్చున్నాడు. నిప్పులను బయటికి లాగి నేల మీద పరిస్తే వాటంతటవే చల్లబడతాయి. పసిపిల్లలు చేసే పని. చేయి లేవలేదు. అటు పద్దెనిమిది మంది కూడు, ఇటు ఓదెమ్మ. ఆమెను రెండోసారి కాటికి పంపుతున్నట్టుంది ఆయనకు.

గేటు పక్క గదిలో ఉండే సక్రి చాయ్ తెచ్చింది. బోల్టులు డబ్బాల్లో సర్దే మనిషి, మొగుడు రెడ్యా మొదట్నుంచీ ఇక్కడే వాచ్‌మన్. గ్లాసు కింద పెట్టి పోకుండా నిలబడింది.

"అన్నా, ఒక ముచ్చట చెప్త, కోపం చెయ్యకు. గీ నిప్పు ఒకపారి ఆరింది."

ఆయన తలెత్తాడు.

"సమ్మెల. నువ్వు దవాఖానల ఉన్నప్పుడు. బూడిద సుత సల్లగైంది. నిన్ను ఇంటికి తోలుకొచ్చిన నాడు మాపటీలి ఓదెమ్మ వదినె వచ్చి సూసి, నన్ను అగ్గిపెట్టె అడిగింది. మూడు పుల్లలు ఆరిపోయినయ్, నాలుగోది అంటుకున్నది. అన్నకు చెప్పకు అని ఒట్టేయించుకున్నది."

అబద్ధమన్నాడాయన. రెండురోజులకోసారి వచ్చి మొద్దులు వేసిందని గట్టిగా అన్నాడు.

"ఎట్లొస్తదన్నా?" అంది సక్రి మెల్లగా. "బస్సులే లేకపాయె గదా."

బస్సు తిరగలేదని పదిహేనేళ్లుగా తనే చెబుతున్నాడు. అదే నోటితో ఆమె వచ్చిపోయిందనీ చెబుతున్నాడు. ఒక్కనాడూ తట్టలేదు. జ్వరంలో ఎప్పుడు కళ్లు తెరిచినా ఆమె మంచంకోడు పట్టుకుని కనిపించేది. అప్పుడే జనగామ నుంచి వచ్చిందేమో అనుకునేవాడు. అసలు పోనేలేదు. నిప్పు ఏమైపోయినా సరేనని ఆయన దగ్గరే ఉండిపోయింది. ఆయన మనసు కష్టపెట్టుకుంటాడని మాత్రం ఓ అబద్ధమాడింది.

"ఒక్క మాట చెప్పకపోతివి గదనే" అన్నాడు. సక్రితో కాదు. ఇంకా ఏమేం దాచి ఉంటుందో అడుగుదామంటే మనిషి లేదు. భుజం మీది తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. సక్రి ఉన్నచోటే ఉండిపోయింది. చాయ్ చల్లారింది. తర్వాత ఆయన లేచి పార తీసుకుని, నిప్పులన్నీ బయటికి లాగాడు.

ఆదివారం ఎటు పోవాలో తోచలేదు. ఇంట్లో ఒకప్పుడు పొయ్యి ఉన్న మూలలో చాప వేసుకుని కూర్చున్నాడు. అమూల్య ఫోన్ చేసి, ఇంట్లోనే ఉన్నానంటే నమ్మలేదు. వచ్చే ఆదివారం వస్తాననీ, రాత్రి కూడా ఉంటాననీ చెప్పాడు.

సోమవారం తెల్లవారగానే సక్రి గది ముందు నిలబడి అగ్గిపెట్టె అడిగాడు. బట్టీలో తుమ్మపుల్లలు పేర్చి, గాలికి అరచెయ్యి అడ్డం పెట్టి పుల్ల గీశాడు. మొదటి పుల్లకే అంటుకుంది. ఆయన మొహం చిన్నబోయింది. ఓదెమ్మకు లాగే మూడు పుల్లలు ఆరిపోయి ఉంటే, అంతసేపూ ఆమె నిలబడిన చోట నిలబడి ఉండేవాడు.