మూడో పిలుపు

నల్లంపల్లిలో హైవే పక్కనున్న షెడ్డులో వేదవల్లి మూడేళ్లుగా కుట్టు మిషను తొక్కుతోంది. టమాటాలు ఎండబెట్టే గుడారాలకు నల్లగుడ్డ కుట్టడం ఆమె పని. ఆ గుడ్డకు కంటికి ఆనని నానో రేణువుల పూత ఉంటుంది. అది ఎండను తాగి వేడిగా మారుస్తుంది.

ఆమె అత్త కెంపమ్మకు ఏడాది పొడవునా చలే. మిగిలిన ముక్కలతో వేదవల్లి ఆమెకొక దుప్పటి కుట్టిచ్చింది. అది కప్పుకుని వాకిట్లో కూర్చుందంటే ముసలామె ఇక లేస్తే ఒట్టు. “నేను సచ్చినా దీన్ని తీయొద్దే. పాడె మీద కూడా సలి పెడతాది” అనేది. ఆ మాట మన్నించడమే వేదవల్లి చేసిన పొరపాటు.

తెల్లవారుజామున కెంపమ్మ పోయింది. డాక్టరు వచ్చి చూసి వెళ్లాడు. మిట్టమధ్యాహ్నం ఆ దుప్పటే కప్పి మోసుకుపోయారు. ఊరి బయట దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. అక్కడ కొడుకు శవం చెవిలో మూడుసార్లు పిలవాలి. పోయిన ప్రాణం తిరిగొస్తుందేమోనని ఆఖరి ఆశ. వేదవల్లి మొగుడు లోకనాథన్ “అమ్మా” అని రెండుసార్లు పిలిచి, తల్లి గుండె మీద చెయ్యి వేశాడు. వెచ్చగా తగిలింది.

“ఎత్తొద్దండి. అమ్మ ఉండాది.”

కబురు ఇంటికి చేరగానే వేదవల్లికి దుప్పటి సంగతి తట్టింది. ఆడవాళ్లు ఆ దారి తొక్కరు. అయినా పరుగెత్తింది. నిజం చెబితే మొగుడి కళ్లముందే అత్తను రెండోసారి చంపినట్టు. చెప్పకపోతే ఆయన అక్కణ్ణుంచి కదలడు.

“అది గుడ్డ వేడి. కాళ్లు తాకి సూడండి.”

దుప్పటి అందని పాదాలు పూలదండల కింద చల్లగా ఉన్నాయి. లోకనాథన్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వేదవల్లి దుప్పటి లాగేసింది. అందరూ తలలు వంచుకుని పాడె ఎత్తారు. మూడో పిలుపు ఎవరికీ గుర్తు రాలేదు.

కర్మలన్నీ అయ్యాక అది వేదవల్లికి గుర్తొచ్చింది. అప్పట్నుంచి భయం పట్టుకుంది. ఆ వేడి నిజంగా గుడ్డదేనా? ఆదివారం ఇంట్లో ఎవరూ లేనప్పుడు దుప్పటిని వాకిట్లో రుబ్బురోలు మీద ఎండలో కప్పి, కాసేపాగి, కింద చెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది. గుడ్డదే. ప్రాణం కుదుటపడింది. ఆ ధైర్యం వారం కూడా నిలవలేదు. ప్రతి ఆదివారం అలాగే చూసుకోసాగింది.

ఈ ఆదివారం మబ్బు పట్టింది. పొద్దున్నుంచి ఎండ పొడే లేదు. వద్దనుకుంటూనే దుప్పటి కప్పి, కింద చెయ్యి పెట్టింది.

వెచ్చగా ఉంది.

వేదవల్లి అటూ ఇటూ చూసింది. రోటి మీదికి వంగి, “అత్తా” అని మెల్లగా పిలిచింది. బదులు వస్తుందేమోనని అలాగే వంగి ఉండిపోయింది.