నాపరాళ్ల పెట్టెలో సబ్ వూఫర్

1986 జూన్‌లో రొంపిచెర్ల కాలువ సెక్షన్ నుంచి డ్యాం పక్కనున్న విజయపురి సౌత్‌కు బదిలీ అయ్యాను. హోదా గ్రేడ్ టూ ఎలక్ట్రీషియన్. మోటార్లు, వీధి దీపాలు చూడటం నా పని. ఉద్యోగుల క్లబ్బులోని పాత స్టీరియో ఆంప్లిఫయర్ అదనపు బాధ్యత. పల్నాడు మొత్తానికి మొదటి సబ్ వూఫర్ కలిపింది నేనే. ఆ మోతకు డ్యాం గేట్లు కూడా కంపించాయి.

క్లబ్బు కార్యదర్శి మా అసిస్టెంట్ ఇంజనీరు గారే. పాటలో మృదంగం వినబడుతోంది గానీ గుండెకు తగలడం లేదని ఆయన బాధ. వార్షికోత్సవానికి సూపరింటెండింగ్ ఇంజనీరు వస్తున్నారు, అప్పటికల్లా తగలాలి. "ఏం చేస్తావో చెయ్యవయ్యా. ఆంప్లిఫయర్ కాలిందంటే మాత్రం మళ్లీ రొంపిచెర్లే" అన్నారు. మా ఆవిడ విజయపురి సౌత్ స్కూల్లో టీచరు. పెళ్లయిన మూడేళ్లకు ఒకే క్వార్టర్లో కాపురం పెట్టి అప్పటికి రెండు నెలలు. ఆయన సరదాకే అని ఉండవచ్చు, నేను మాత్రం సరదాగా తీసుకోలేదు.

సబ్ వూఫర్ అంటే లోతైన మోతను మాత్రమే పలికించే పెద్ద స్పీకరు. ఈ రోజుల్లో ఆంప్లిఫయర్ వెనక దానికోసం వేరే సాకెట్ ఉంటుంది. మాదానికి ఎడమ, కుడి స్పీకర్ల బిగింపులు తప్ప మరేమీ లేవు. వాటికే మూడోదాన్ని జతచేస్తే భారం పెరిగి, వేడెక్కి కాలిపోతుంది. అందుకని మూలపడి ఉన్న మైకు ఆంప్లిఫయర్‌ను దించాను. స్టీరియో బిగింపుల నుంచి రెండు రెసిస్టర్ల గుండా కొద్దిపాటి సిగ్నల్ తీసి, కీచు స్వరాలను కండెన్సర్‌తో వడకట్టి, దానికి ఇచ్చాను. కొత్తగా కొన్న పెద్ద స్పీకరును దాని వెనక తగిలించాను. బరువంతా మైకు ఆంప్లిఫయర్‌దే, పాతదానికి కొత్త స్పీకరు ఉన్నట్టే తెలియదు. ఈ లెక్క అచ్చంగా నా బుర్రలోదే.

ఆ స్పీకరుకు చెక్కతో చేయించిన పెట్టె మోతకు గలగలలాడింది. క్వార్టర్లలో నాపరాళ్ల గచ్చు వేస్తున్న తాపీ మేస్త్రీ నాగుల్ మీరా అది చూశాడు.

"చెక్కెందుకు సాంబన్నా, నాపరాళ్లు చానా మిగిలినయ్యి. సిమెంటు పెట్టి మూశానంటే దయ్యం కూడా కదిలించలేదు."

ముందువైపు స్పీకరుకు చెక్క పలక ఉంచి, మిగతా అయిదు వైపులా రాయే కట్టాడు. నలుగురం మోసుకెళ్లి వేదిక పక్కన దించాం.

వార్షికోత్సవం నాటి మధ్యాహ్నం పాట పెట్టాం. రాతి పెట్టెకు స్విచ్ వేయగానే మోత పెరగకపోగా, ఉన్నది కూడా పోయింది.

"ఏందయ్యా సాంబయ్యా, ఇంత బండ కట్టించి దీని గొంతు పిసికావు?" అన్నారు ఏఈ గారు.

మీరా నా వైపు చూసి, "రాయి వరకే నాది. కూత సంగతి నన్నడగమాక" అన్నాడు.

మూడు స్పీకర్లూ గాలిని ఒకేసారి ముందుకు నెట్టాలి. పెద్దదాని వైర్లు రెండూ తారుమారైతే, తక్కినవి నెట్టేటప్పుడు ఇది వెనక్కి లాగుతుంది. మోతను మోతే మింగేస్తుంది. క్షణం ఆలోచించి సంగతి గ్రహించాను. వైర్లు తిప్పి బిగించాను. మృదంగం మీద దెబ్బ పడింది. ఏఈ గారు ఛాతీ మీద చెయ్యి వేసుకుని ముందు వరుసలో కూర్చుండిపోయారు. సాయంత్రం సూపరింటెండింగ్ ఇంజనీరు అదే పాట రెండోసారి పెట్టించుకున్నారు. నేను ఆంప్లిఫయర్ తాకి చూశాను, గోరువెచ్చగా ఉంది. రొంపిచెర్ల మాట మళ్లీ రాలేదు.

ఇక ఒప్పుకోవలసినవి ఒప్పుకుంటాను. డ్యాం గేట్లు కంపించలేదు. క్లబ్బు కిటికీ అద్దాలు కంపించాయి, అవి ముందే వదులు. మొదటివాణ్ని నేనేనో కాదో నాకు తెలియదు. సబ్ వూఫర్ అనే మాట విన్నదే చాలా ఏళ్ల తర్వాత. రెసిస్టర్ల లెక్క నరసరావుపేటలో ఒక రేడియో మెకానిక్ సిగరెట్ అట్ట మీద గీసిచ్చింది.

నేర్చుకున్నది మాత్రం ఖాయం. పాత యంత్రానికి కొత్తది కలిపేముందు పాతది ఎంత మోయగలదో చూడాలి. ఆ తర్వాత వైర్ల దిశ చూడాలి.

నాగుల్ మీరా ఇప్పుడు మాచర్లలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. దీన్ని అచ్చుకు పంపేముందు అతనికి చదివి వినిపించాను. చివరిదాకా విని అన్నాడు:

"నువ్వు గ్రహించింది యాడ సాంబన్నా? కూత పోయినాక నా కాలు తగిలి ఆ వైర్లు ఊడినయ్యి. ఏఈ గారు చూస్తన్నాడని ఏది ఎందులో పెడతన్నావో చూసుకోకుండా బిగించావు."