పక్కింటి పెద్దావిడతో శిబిరానికి

మొన్న ఫ్రీమాంట్‌లో మా పక్కింటి ముందు 'అమ్మకానికి' అని బోర్డు పాతారు. అది చూసినప్పటినుంచీ, పోయినేడు పోయిన ఆ ఇంటి పెద్దావిడే గుర్తొస్తోంది. ఎనభై దాటిన జపాన్ సంతతి మనిషి. మా గోంగూర పచ్చడి తిని, కారానికి కళ్ళు తుడుచుకుంటూనే మళ్ళీ గిన్నె పంపేది. ఒకరోజు పెరటి ఫెన్స్ మీదుగా మా ఆయన్ని అడిగింది: "నన్నొక చోటికి డ్రైవ్ చేసి తీసుకెళ్తావా? మా అబ్బాయి వద్దంటున్నాడు." రెండో ప్రపంచ యుద్ధకాలంలో, జపాన్ రక్తమన్న ఒక్క కారణానికి అమెరికా ప్రభుత్వం ఆవిడ కుటుంబాన్ని నిర్బంధించిన శిబిరమది. అప్పటికావిడ ఐదేళ్ళ పిల్ల.

దారంతా నవ్విస్తూనే ఉంది. కొండలు దాటి ఎడారి కనబడగానే మాట ఆగిపోయింది. చూడవచ్చేవాళ్ళ కోసం మళ్ళీ కట్టిన చెక్క షెడ్డులోకి వెళ్ళాం. ఒకే గదిలో వరసగా ఇనప మంచాలు, గడ్డి కూరిన పరుపులు. పలకల సందుల్లోంచి ఇసుక వచ్చి పళ్ళ కింద పడుతోంది. "ఈవిడ ఈ దేశంలోనే పుట్టింది కదా, ఎలా పెట్టారు?" అన్నాడు మా ఆయన నా చెవిలో. ఏళ్ళ తరబడి వీసా మీద బతుకుతున్న మాకు, ఇక్కడ పుట్టినవాళ్ళని ఎవరూ ఏమీ చెయ్యలేరని గట్టి నమ్మకం. బయటికి పోదామంటే పెద్దావిడ నా మణికట్టు వదలదు.

"రాత్రి మరుగుదొడ్డికి వెళ్తే కాపలావాళ్ళ లైటు అమ్మ వెంటే వచ్చేది. లోపల అడ్డుగోడలు కూడా లేవు. అందుకని పొద్దుగూకాక అమ్మ నీళ్ళు తాగేది కాదు. మమ్మల్ని వదిలేశాక, సొంత ఇంట్లో కూడా తాగలేదు. పోయేదాకా అంతే," అంది.

"బయటికెళ్దామా?" అన్నాను.

"వెళ్ళొచ్చా?" అంది. అడిగాక తనే ఉలిక్కిపడి, తలొంచుకుంది.

గేటు దగ్గర కారు ఆపమంది. "అప్పుడు బస్సెక్కించి పంపారు. ఇవాళ నడిచి దాటతాను," అని కర్ర పట్టుకుని దిగింది. మా ఆయన వెనకాలే నెమ్మదిగా నడిపాడు. రోడ్డెక్కాక కూడా ఆవిడ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. తిరుగుదారిలో చలికి వణుకుతూనే కారద్దం దించి ఉంచింది, మేమూ ఎత్తమనలేదు. రోజులు గడిచిపోతాయని అందరం అనుకుంటాం. కొన్ని గడవవు, మనుషులే వాటి లోపల ముసలివాళ్ళవుతారు.