పొడుగు లేని దీర్ఘచతురస్రం

బళ్ళో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినిపించేది కాదు. పిల్లలకీ, ఆయాకీ, గేటు దగ్గర కాపలా మనిషికీ ఆవిడ అట్టముక్కల టీచరు. ఏ కొట్టు ముందు ఖాళీ అట్టపెట్టె కనిపించినా చంకన పెట్టుకుని వచ్చేది. "అందరి కోడళ్ళూ జీతం తెస్తారు, మా కోడలు చెత్త తెస్తుంది" అని అత్తగారు పక్కింటివాళ్ళతో అనేది. అందులో సగం నిజమే. తొమ్మిదేళ్ళుగా ఆవిడది తాత్కాలికపు ఉద్యోగం. సెలవుల్లో పైసా రాలేది కాదు.

మూడో తరగతికి ఆకారాలు చెప్పడమంటే మాత్రం ఆవిడకి ప్రాణం లేచొచ్చేది. బోర్డు మీద బొమ్మ గీసి, పేరు రాయించి చేతులు దులుపుకునే రకం కాదు. అట్టముక్కలు పిల్లల చేతికిచ్చి, కళ్ళు మూసుకోమని, "అంచులు తడమండి, మూల ఎక్కడుందో చెప్పండి" అనేది. మూల సరిగ్గా ఉందో లేదో పుస్తకం మూల ఆనించి చూసుకోమనేది.

ఆ ఏడు ఒక్కరి ఉద్యోగం ఖాయం చేస్తారని తెలిసింది. పోటీలో ఉన్నది ఆవిడా, కిందటేడు చేరిన కంప్యూటర్ టీచరూ. యాజమాన్యం వాళ్ళు వచ్చి ఇద్దరి పాఠాలూ చూసి తేలుస్తారట.

"ఏవండీ, ఉద్యోగం మీకే రావాలని నాకుంది" అంది హెడ్ మేడం. "జవాబులు ముందే బట్టీ పట్టించెయ్యండి. గంట కొట్టేలోపు నాలుగు ఆకారాలూ అయిపోవాలి. ఆ రోజుకి మీ ప్రయోగాలు కట్టిపెట్టండి."

"అలాగే మేడం" అంది. మనసొప్పకపోయినా పిల్లల చేత చిలకల్లా అప్పజెప్పించింది.

ఆ రోజు యాజమాన్యం వాళ్ళు మోకాళ్ళు పట్టని చిన్న బెంచీల మీద ఇరుక్కుని కూర్చున్నారు. వృత్తం అయింది, త్రిభుజం అయింది, చతురస్రమూ అయింది. దీర్ఘచతురస్రం ఎత్తి చూపించగానే పిల్లలంతా "ఎదురెదురు భుజాలు సమానం, నాలుగూ లంబకోణాలు" అని ఒక్క గొంతుతో అన్నారు. అంతలో చీమ లేచి నిలబడింది. తరగతిలో అందరికన్నా పొట్టిదని ఆ పిల్లకి ఆ పేరు.

"టీచర్, అవన్నీ చతురస్రానికీ ఉన్నాయిగా? అయితే అదీ దీర్ఘచతురస్రమేనా? మరి దీర్ఘం అంటే పొడుగు కదా, అది పొడుగ్గా లేదుగా?"

కూర్చోబెట్టెయ్యమని హెడ్ మేడం కళ్ళతోనే సైగ చేసింది. ఆవిడ చూడకపోలేదు. కానీ ఇన్నేళ్ళలో ఏ పిల్లా తనంతట తాను అడగని ప్రశ్న అది. వింటూనే ఒళ్ళు మరిచిపోయింది.

"పేరు సంగతి పక్కన పెట్టి మూలలు చూడు, భుజాలు చూడు. ఒక్కటైనా తక్కువయిందా?"

తరగతి రెండు జట్లయింది. అవునని కొందరు, కాదని కొందరు. అట్టముక్కలు ఈ బెంచీ నుంచి ఆ బెంచీకి ఎగిరాయి. చివరికి కాదన్నవాళ్ళు కూడా ఒప్పుకునేసరికి గంట కొట్టేశారు. "ఇది బడా, సంతా?" అనుకుంటూ యాజమాన్యం పెద్దాయన లేచి వెళ్ళిపోయాడు.

ఉద్యోగం కంప్యూటర్ టీచర్‌కి ఖాయమైంది.

"నోటిదాకా వచ్చిన ముద్ద నేలపాలు చేసుకోవడం నీకే చెల్లింది అమ్మాయ్" అంది అత్తగారు.

ఒక్క పిల్లకైనా విషయం బుర్రకెక్కింది కదా అని ఆవిడ సరిపెట్టుకుంది. ఆ ముచ్చటా మూన్నాళ్ళే అయింది. పరీక్షలో దీర్ఘచతురస్రాలకి రంగు వెయ్యమన్నారు. చీమ చతురస్రానికి కూడా వేసింది. దిద్దినవాళ్ళు అడ్డంగా కొట్టేశారు. మర్నాడు చీమ తల్లి, కుట్టుపని చేసుకునే మనిషి, తరగతి గుమ్మం ముందుకు వచ్చి నిలబడింది.

"ఎప్పుడూ ఫస్టొచ్చే పిల్లండీ. పుస్తకంలో లేనివి మీరెందుకు చెప్పాలి?"

"మీ అమ్మాయి చేసింది తప్పు కాదమ్మా."

"కాకపోతే ఎందుకు కొట్టేశారండీ? మీ గొప్పకి మా పిల్ల బలైపోవాలా?"

ఆవిడ ఆ కాగితం పట్టుకుని హెడ్ మేడం గదికి పరిగెత్తింది. మేడం దానివైపు చూడనైనా లేదు. "ఉన్న ఉద్యోగం కూడా ఊడగొట్టుకుంటారా?" అంది.

తిరిగి తరగతికి వచ్చి, బోర్డువైపు తిరిగి చెప్పింది ఆవిడ. "పరీక్షలో పొడుగ్గా ఉన్నదానికే రంగు వెయ్యండి. చతురస్రం జోలికి పోకండి."

"మరి ఆ రోజు చెప్పింది తప్పా టీచర్?" చీమ గొంతు.

"పరీక్షకి తప్పే."

పిల్ల ఎదురు చెబుతుందని, కాదని వాదిస్తుందని ఎదురుచూసింది. చీమ "సరే టీచర్" అని కూర్చుంది. ఆ ఏడాదంతా మళ్ళీ ఏమీ అడగలేదు.

బళ్ళు తెరిచాక ఆవిడ తనంతట తానే ఒకటో తరగతి చేతిరాత అడిగి తీసుకుంది. అక్కడ గీసి ఉన్న అక్షరం మీద దిద్దించడమే పని.