ఎక్కని రైలుకి కాపలా

మా వదిన, అంటే మా ఆయన అక్కగారు, పోయిందని కిందటి వారం చోడవరంలో ఉన్న నాకు ఫోను వచ్చింది. "సరిగ్గా చూశారా?" అని అడిగాను. ఆవిడ దగ్గర నేర్చుకున్న పద్ధతే అది. తన చావు కబురైనా ఇద్దరు చెబితే తప్ప నమ్మే మనిషి కాదు.

అరవైల చివర్లో నేను కాపురానికి వెళ్లేసరికి మా అత్తారి ఊరి స్టేషను సగం చచ్చి ఉంది. ఒకప్పుడు చోడవరం వైపు నుంచి బెల్లం బళ్లు బారులు తీరి అక్కడికే వచ్చేవట. లారీలొచ్చి బెల్లాన్ని ఎత్తుకుపోయాక రెండు గదులు, ఒక సిమెంటు బెంచీ, గంటకి బదులు వేలాడదీసిన రైలు పట్టా ముక్క మిగిలాయి. పొద్దుటి పాసింజరు మాత్రం ఆగేది. అందులోనే నేను అనకాపల్లి బడికి పాఠాలు చెప్పడానికి వెళ్లేదాన్ని.

వదిన భర్త పోయి పుట్టింట్లోనే ఉండేది. రోజూ నా వెనకే వచ్చి బెంచీ మీద కూర్చుని, బండి కదిలాక గానీ లేచేది కాదు.

"ఆ కళ్లజోడోడు ఎవడే? నిన్నా ఆ పెట్టెలోనే ఉన్నాడు."

"టిక్కెట్ కలెక్టరు, వదినా."

"అలాగని ఆడు సెప్పేడా, నువ్వు సెప్తన్నావా?"

సాయంత్రం దిగేసరికి మళ్లీ ఆ బెంచీ మీదే. అత్తగారు పంపిన గూఢచారి అని నా గట్టి నమ్మకం. తను మాత్రం ఏనాడూ రైలెక్కలేదు. "ఎక్కించుకున్నోడు మళ్లీ దింపుతాడని నమ్మకమేటి?" అనేది.

డెబ్భైల్లో ఒక ఏడు, ఎక్కేవాళ్లు లేరు కాబట్టి బండి ఆపడం మానేస్తారన్నారు. ఆఫీసరొచ్చి చూస్తాడట. కోడలు బస్సెక్కడం పరువు తక్కువని నమ్మే మా మావగారు, "బండి ఆగకపోతే ఉద్యోగమూ ఆగినట్టే" అని తేల్చేశారు. స్టేషను మాస్టరు ఇంటింటికీ తిరిగాడు. "ఆ రోజు అందరూ టిక్కెట్టు కొని రండి బాబూ!"

అందరూ వచ్చారు. టిక్కెట్లు కొని కొంగున ముడేసుకున్నారు. బండి ఆగింది. నేనొక్కదాన్నే ఎక్కాను! ఆ ఊళ్లో స్టేషనుకి వెళ్లడమంటే సాగనంపడమే. ఎక్కాలని మాస్టరు చెప్పలేదు, వీళ్లకి తోచలేదు. ఊరంతా నవ్వుతూ నాకు చేతులూపుతోంది. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు.

అప్పుడు బెంచీ మీంచి లేచింది వదిన.

"ఏటలా సూస్తన్నారు? దీన్ని అత్తారింటికి పంపుతన్నారేటి? ఎక్కండర్రా!"

కమ్మీ పట్టుకుని, కళ్లు మూసుకుని ఎక్కేసింది. వెనకే ఊరూ ఎక్కింది.

అనకాపల్లి దాకా నా చెయ్యి వదల్లేదు. "నా కోసమేనా వదినా?" అన్నాను.

"నీ మొహం! నీకు కాపలా అని సెప్పే గదా నేను గుమ్మం దాటతన్నాను. నీ బండి ఆగిపోతే నన్ను మాయమ్మ బయటికి పంపుతాదేటి?"

ఆ మాట అప్పుడూ పూర్తిగా నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. గుమ్మం దాటడానికే అయితే నా చెయ్యి అంత గట్టిగా పట్టుకోనక్కర్లేదు. భయమంటారా, అదీ కావచ్చు.

నా ఉద్యోగం ఉన్నన్నాళ్లూ బండి ఆగింది. ఇప్పుడక్కడ ఏదీ ఆగదు. వదినని సాగనంపి వస్తూ స్టేషనుకి వెళ్లాను. ఆవిడ కూర్చునే వైపు సిమెంటు నున్నగా అరిగి ఉంది. అటు కూర్చోలేదు, రెండో చివర కూర్చున్నాను. ఏదో బండి దుమ్ము రేపుకుంటూ పోయింది. అది దాటేదాకా కిటికీ కిటికీనీ చూశాను, కళ్లజోడు వాడెవడైనా ఉన్నాడేమోనని.