వద్దన్న వేలిముద్ర

నిన్న పొద్దున మెడలో కార్డు వేలాడేసుకున్న ఒక అమ్మాయి మా గ్రిల్లు తలుపు దగ్గర ఎండలో నిలబడి, కేసుల్లో ఇరుక్కున్న ఆడవాళ్ళకు, జైలుపాలైన ఆడవాళ్ళకు సాయపడే సంఘం తమదనీ, దేశమంతటా తమవాళ్ళున్నారనీ, సబ్ జైలులో వార్డరుగా చేసి రిటైరైన నా అనుభవాలు రాసుకుంటాననీ చెప్పింది. నేను తలుపు తీయలేదు. కార్డు అడిగి, ఫొటోనూ ముఖాన్నీ రెండుసార్లు పోల్చి చూసి, తిరిగిచ్చేసి రేపు రమ్మన్నాను. ఊరికే రారు మహానుభావులు అనే మాట నా ఈడువాళ్ళకు కొత్తగా చెప్పాలా? అయినా ఆ పిల్ల వెళ్ళాక నాకు కాఫీ సయించలేదు.

ఇరవై ఏళ్ళ కిందట ఇలాంటి సంఘం నుంచే మా పల్నాటి సబ్ జైలుకు నూలుచీర కట్టుకున్న ఒక ప్లీడరమ్మ మూడు నెలలకోసారి బస్సులో వచ్చేది. అప్పుడు ఆడవాళ్ళ గదిలో ఉన్నది నాదెండ్ల వైపు నుంచి వచ్చిన ఒక వితంతువు. పొలం గట్టు కొట్లాటలో ఎవరిదో తల పగిలితే మగవాళ్ళంతా ఊరొదిలి పారిపోయారు, ఇంట్లో దొరికింది ఈమె. బెయిలు అడిగే దిక్కులేక రిమాండు పొడిగిస్తూ పోతున్నారు. మంచాన పడ్డ తల్లిని కళ్ళారా ఒక్కసారి చూసుకోవాలని తప్ప ఆమెకు మరో కోరిక లేదు. వరండా ఊడుస్తూ ఊడుస్తూ ఆగి, వాళ్ళమ్మ ఈపాటికి అన్నం తిని ఉంటుందా అని నన్నడిగేది, అక్కడికి నాకేదో తెలిసినట్టు.

అంతకుముందే ములాఖత్‌కు వచ్చిన ఆమె మరిది బెయిలు కాగితమని చెప్పి వేలిముద్ర వేయించుకుపోయాడు. ఇంకు ప్యాడు తెచ్చిచ్చింది నేనే. అది బెయిలుదీ కాదు గియిలుదీ కాదు, ఆమె వాటా పొలం రాయించుకున్న కాగితమని తర్వాత తెలిసింది. మెత్తనివాళ్ళను చూస్తే మొత్తబుద్ధి మరి. ఆమె నన్నొక్క మాట అనలేదు, నేను తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను.

అందుకే ప్లీడరమ్మ వేలిముద్ర కోసం ఇంగ్లీషు కాగితాలు తీసేసరికి నాకు ఒళ్ళు మండింది. ఆవిడ సంచి అడుగుదాకా వెతికాను, టిఫిను డబ్బాలో పులిహోర కూడా కెలికాను. ఫీజు వద్దనే ప్లీడరు లోకంలో ఉంటుందా, ముక్కూ ముఖం తెలియని మనిషి మీద ఎక్కడో ఉన్నవాళ్ళకు ఇంత ప్రేమేమిటి అనుకున్నాను. ఆ వితంతువును పక్కకు పిలిచి, “వేయమాకే. ఒకసారి మునిగింది చాల్లేదా? అందులో ఏముందో నాకే తెలవదు” అన్నాను. ఆమె బొటనవేలు వెనక్కు తీసుకుంది. ప్లీడరమ్మ కోప్పడకుండా కాగితాలు మడిచి, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయింది.

అన్నట్టే మూడు నెలలకు వచ్చింది. ఆ ఇంగ్లీషంతా తన చేత్తో గుండ్రటి అక్షరాలతో తెలుగులో రాసుకొచ్చి, ఆమెకు కాదు, నా చేతికిచ్చింది.

“చదవండమ్మా. మీరు వేయమంటేనే వేయించండి.”

మూడుసార్లు చదివాను. బెయిలు అర్జీ తప్ప అందులో ఇంకేమీ లేదు. చివర, తల్లి మంచాన ఉంది, ఆమెను చూసుకోవడానికి వేరెవరూ లేరు అని రాసి ఉంది. ఆ తల్లి పోయి అప్పటికి నెలరోజులైంది. ఆ కబురు ఆమెకు చెప్పింది కూడా నేనే.

ఆ చివరి మాట ప్లీడరమ్మ కొట్టేశాక ఇంకు ప్యాడు మళ్ళీ నేనే తెచ్చాను. పక్షం రోజుల్లో బెయిలు వచ్చింది. గేటు దగ్గర ఆమె నా చెయ్యి పట్టుకుని, “నువ్వు నా మంచికే చెప్పావులే అక్కా” అంది. దుమ్మెత్తిపోసినా బాగుండేది, ఈ సరికి మరిచిపోయేదాన్ని.

ఇప్పుడు కేసు ఎక్కడిదాకా వచ్చిందో ఫోనులోనే కనిపిస్తుందట, సంఘాలవాళ్ళు ఇళ్ళకే వస్తున్నారు. తాళాలు తీసి వేసే ఉద్యోగం వదిలి ఇన్నేళ్ళయినా నా అనుమానం మాత్రం రిటైరు కాలేదు. ఈరోజు ఎనిమిదింటికే గ్రిల్లు తీసిపెట్టి, ఆ మూడు నెలల సంగతే ముందు చెప్పాలని వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పదకొండవుతోంది. ఆ అమ్మాయి ఇంకా రాలేదు.