దింపుడు కళ్లం కాడ వాయించిన పాట

అది 1989. సిరిసిల్లలో మాకు బ్యాండు దుకాణం ఉండేది. పెండ్లిళ్ల కాలంలో జగిత్యాల, కోరుట్ల దాకా పోయేవాళ్లం. మిగతా రోజుల్లో ఊళ్లో శవయాత్రలే మాకు కూడు పెట్టేవి. మిలిటరీ బ్యాండులో చేసి వచ్చిన ఒక పెద్దమనిషి దగ్గర స్వరాలను కాగితం మీద రాసే నొటేషన్ నేర్చుకున్నాను కాబట్టి ఏ పాటకు ఏ అరేంజ్‌మెంట్ వాడాలో తేల్చేది నేనే. అరేంజ్‌మెంట్ అంటే, ఏ వాద్యం ముందుండాలి, ఏది వెనక నుంచి అందుకోవాలి, నడక ఎంత వేగం ఉండాలి అని పాటను కాగితం మీద పంచిపెట్టడం. ఒకే పాటతో పెండ్లికొడుకును ఊరేగించొచ్చు, శవాన్నీ సాగనంపొచ్చు. ఆ విద్య నాకు బాగా వచ్చని గర్వం కూడా ఉండేది.

ఆ ఎండాకాలం మా వెనక వీధిలో రాజవ్వ చనిపోయింది. మగ్గాలకు కండెలు చుట్టి పిల్లల్ని పెంచిన మనిషి. కండెలు చుట్టినంతసేపూ ఒక ఉయ్యాల పాట పాడేది, మా దుకాణంలోకి వినిపించేది. ఆమె బిడ్డ భాగ్యను కోరుట్లలో ఇచ్చారు. కబురందగానే బస్సెక్కి వచ్చింది. పాడె కడుతుంటే నన్ను పక్కకు పిలిచింది.

"అన్నా, మా అవ్వ పాట నీకెరికేనాయె. దింపుడు కళ్లం కాడ గది వాయించు. పేరు పెట్టి పిలిస్తె లేవకున్నా, గా పాటకు లేస్తదేమో."

శ్మశానం దారిలో పాడెను కాసేపు దించి, ప్రాణం ఇంకా ఉందేమోనన్న ఆశతో చెవిలో మూడుసార్లు పిలుస్తారు. అదే దింపుడు కళ్లం. వాళ్లింట్లో ఆడవాళ్లు అక్కడి నుంచే వెనక్కి మళ్లుతారు. ఆమెకు తల్లి దగ్గర మిగిలింది ఆ కాసేపే.

చిక్కేమిటంటే, నక్సలైట్ల తరఫున పాడేవాళ్లు ఆ వరసకే వేరే మాటలు కట్టి పల్లెపల్లెనా పాడుతున్నారు. పాట పాడినందుకే మనుషుల్ని పట్టుకుపోతున్న రోజులు. మా దింపుడు కళ్లం సరిగ్గా పోలీసు క్యాంపు ఎదురుగా ఉంది. నాకు భయమేసింది. అయినా ఏడుస్తున్న పిల్లకు కాదని చెప్పలేక సరేనన్నాను.

ఆ పాటకు క్లారినెట్ ముందుండాలి, మనిషి గొంతుకు దగ్గరి వాద్యం అది. డ్రమ్ము ఉయ్యాల ఊపుకు తగ్గట్టు మెత్తగా పడాలి. నేను మాత్రం పెట్టెలోంచి స్లో మార్చ్ కాగితం తీశాను. చనిపోయిన సిపాయిలను సాగనంపేటప్పుడు వాయించే నిదానపు నడక అది. పాటను అందులో ఇరికించాను. వరసను యుఫోనియం అనే పెద్ద బూరకిచ్చి అడుగున పెట్టాను. పైన ట్రంపెట్లతో వేరే స్వరాలు కప్పాను. క్లారినెట్ వాయించే సత్తయ్య కాగితం చూసి, "మాస్టర్, గిండ్ల పాటేది?" అన్నాడు. ఉందిలే, వాయించమన్నాను.

పాడె దించారు. కొడుకులు వంగి అవ్వా అవ్వా అని పిలిచారు. మేం మొదలుపెట్టాం. క్యాంపు గేటు దగ్గర ఇద్దరు జవాన్లు శవాన్ని చూసి లేచి నిలబడి, టోపీలు తీశారు, అంతే. పాట ఎవరికీ దొరకలేదని నా తెలివికి నేనే మురిసిపోయాను. భాగ్య తల్లి తల దగ్గర కూర్చుని నా వైపే చూస్తోంది. పాట మొత్తం వాయించాం. పాడె మళ్లీ భుజాలకెత్తారు.

ఆమె గబగబా నా దగ్గరకు వచ్చింది. "అన్నా, ఇంకెప్పుడు వాయిస్తవ్? లేపుతున్నరు."

"వాయించిన చెల్లె. ఇప్పటిదాక వాయించింది గదే."

ఆమె తిట్టలేదు. నా మొహంలోకి చూసి, "నేనే గుర్తువట్టలే. మా అవ్వెట్ల గుర్తువడతది?" అన్నది. ఆడవాళ్లు ఆమె రెక్క పట్టుకుని వెనక్కి తీసుకుపోయారు.

నాకు తల కొట్టేసినట్టయింది. శ్మశానం దాకా నా ట్రంపెట్ పెదవులకు ఆనించి నడిచానే గాని ఊదలేకపోయాను. ఇప్పటికీ ఆ వీధిలో నుంచి పోవాలంటే సిగ్గేస్తుంది.

ఆ తర్వాత నేను వాయించలేని పాట ఎవరడిగినా మొహం మీదే చెప్పేస్తున్నాను. భయపడ్డందుకు కాదు నా సిగ్గు, ఆ రోజుల్లో భయపడనివాళ్లు ఎవరు? భయంగా ఉంది చెల్లె, నాతో కాదు అని ఆ పొద్దు ఒక్క మాట అని ఉంటే, భాగ్య తల్లి చెవి దగ్గర వంగి ఆ పాట తనే పాడుకునేది.